అన్నం పేజీలోని అంబలి

నా భార్య అబద్ధం చెప్పలేదు. ఈ ఒక్క మాటను తమిళంలో ఆరు పిటిషన్లలో రాశాను. సోమవారం సోమవారం తమిళనాడు ధర్మపురి కలెక్టరాఫీసులో వరుసలో నిలబడి ఇచ్చాను. ఆసుపత్రికి రిజిస్టరు పోస్టులో పంపాను. అన్నిటికీ రసీదులున్నాయి. ఇప్పుడు తెలుగులో రాస్తున్నాను. ఆమెకు తమిళం బాగానే వచ్చు, కానీ మనసు నొచ్చుకుంటే మాత్రం తెలుగే వచ్చేది. మా నాయన దిద్దించిన అక్షరాలు నా చేతికి ఇంకా గుర్తున్నాయి. మా ఇంట్లో వీటిని చదవగలిగినవాళ్ళు వేరే ఎవరూ లేరు.

నేను మాట మరిచిపోయే మనిషిని కాదు. ఒక పెళ్ళిలో నన్ను మొదటి బంతిలోంచి లేపి రెండో బంతికి పంపిన పెద్దమనిషి చనిపోతే, ఆ చావుకు కూడా నేను పోలేదు. నా వెనక ఊళ్ళో ఏమంటారో నాకు తెలుసు. అనుకోనీ.

ఆమె మా అక్క కూతురే. పెళ్ళికి ముందు మామా అనేది, పెళ్ళయ్యాకా మామా అనే పిలిచింది. మూత్రపిండాలు రెండూ చెడిపోయాయని చెప్పినప్పుడు ఆమెకు నలభై ఎనిమిదేళ్ళు. ఎందుకు చెడిపోయాయి అని ఎంతమందిని అడిగినా తేల్చి చెప్పలేదు. చక్కెర లేదు. బీపీ ముందు వచ్చిందా తర్వాత వచ్చిందా తెలియదన్నారు. ఎండలో పని అన్నారు, బోరునీళ్ళు అన్నారు, నొప్పి మాత్రలు అన్నారు. అప్పటినుంచి మా ఇంట్లో తాగడానికి బోరునీళ్ళు మానేసి క్యాను నీళ్ళు కొనడం మొదలుపెట్టాం. వంటకు మాత్రం కుండలో పట్టుకున్న వీధి కుళాయి నీళ్ళే. మంగళవారం, శుక్రవారం పాపారపట్టి నుంచి పొద్దున బస్సులో ధర్మపురికి పోయి డయాలసిస్ చేయించుకుని సాయంత్రానికి వచ్చేవాళ్ళం.

అక్కడ మనిషికంటే ముందు తూకం. మెషిన్‌కు ఎక్కేముందు ఒక తూకం, దిగాక ఒక తూకం. మూత్రం రాని మనిషి తాగిన నీళ్ళన్నీ ఒంట్లోనే నిలుస్తాయి. రెండు కిలోలు పెరిగి వస్తే ఏమీ అనరు. నాలుగు పెరిగితే నర్సు నా వంక చూసేది, నేను నా భార్య వంక చూసేవాణ్ణి.

రెండో ఏడాదిలో ఒక పరిశోధన అంటూ వేరే ఊరి డాక్టర్లు వచ్చారు. పల్లెల రోగులు రోజూ ఎంత తాగుతున్నారో తామే గుర్తు పెట్టుకుంటే బరువు తగ్గుతుందా అని చూస్తారట. అందరి దగ్గరా వేలిముద్రలో సంతకాలో తీసుకుని ఒక్కో పుస్తకం ఇచ్చారు. చదువురాని వాళ్ళకోసం అన్నీ బొమ్మలే. ఎడమ పేజీలో గ్లాసులు: నీళ్ళు, కాఫీ, మజ్జిగ. కుడి పేజీలో పళ్ళేలు, గిన్నెలు: ఇడ్లీ, అన్నం, సంగటి, అంబలి. ఎన్ని తీసుకుంటే అన్ని టిక్కులు పెట్టాలి. కొలతకు ఒక చిన్న స్టీలు గ్లాసు కూడా ఇచ్చారు. నెలకొకసారి పెద్ద డాక్టరు వచ్చేవాడు. మిగతా రోజుల్లో పుస్తకాలు చూడడానికి ఒక అమ్మాయి ఉండేది. మేము పుస్తకం మేడమ్ అనేవాళ్ళం.

నా భార్య ఆ పుస్తకాన్ని రేషన్ కార్డులాగా ప్లాస్టిక్ కవరులో పెట్టుకునేది. పెన్ను పట్టుకోవడం ఆమెకు ఇష్టమని నాకు అప్పుడే తెలిసింది.

ఒక శుక్రవారం నాలుగు కిలోలకు పైన పెరిగింది. మేడమ్ ఎడమ పేజీ తిప్పి చూసింది. రోజుకు మూడు గ్లాసులు. మళ్ళీ తూకం కాగితం చూసింది. పది మంచాల ముందు, గొంతు తగ్గించకుండా అంది:

“పొయ్ సొల్లాదీంగమ్మా.”

అబద్ధం చెప్పకండమ్మా అని. పక్క మంచం మీద కారిమంగళం సంతలో గొర్రెలమ్మే ఒకాయన ఉండేవాడు, మన తెలుగువాడే. ఆయన తెలుగులో అందుకున్నాడు. “అక్కా, సంతకు తోలే రోజు బరువు తూగల్లని మేము గొర్రెలకు కడుపునిండా నీళ్ళు తాపుతాము. మామ నీకూ అట్లే తాపి తోలుకొస్తా ఉండాడు.” తెలుగు తెలిసిన ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నేను నవ్వలేదు.

బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని అంది. “నేను తాగలేదు మామా.”

“అయితే బరువు యాడనుంచి వచ్చింది?” అన్నాను.

ఈ మాట నాది. ఆరు పిటిషన్లలో దేనిలోనూ ఇది రాయలేదు.

మరుసటి రోజు క్యాను నీళ్ళ మట్టం దగ్గర, వెనక వైపు, మార్కర్ పెన్నుతో చిన్న గీత గీశాను. పొలానికి పోయేముందు గీయడం, వచ్చాక చూడడం. రెండు రోజులూ నీళ్ళు గీత కిందికి దిగింది ఆమె చెప్పిన గ్లాసులంతే. అయినా నేను ఆపలేదు. పక్కింటి కుళాయి ఉంది కదా అనుకున్నాను. మూడో రోజు ఆమె క్యాను తుడుస్తూ వెనక వైపుకు వచ్చింది. గుడ్డ ఆగింది.

“గీత గీసినావా మామా?”

నేను చెప్పులు వెతుక్కున్నాను. ఆమె గీత చెరిగిపోకుండా దాని చుట్టూ తుడిచింది.

ఆ తర్వాత ఆమె నీళ్ళు ఒక్క గ్లాసుకు తగ్గించింది. నాలుక అంగిలికి అంటుకుపోయేది. సంగటి ముద్ద గొంతు దిగడం లేదంటే, వంట నేనే చేస్తున్నాను కాబట్టి, పొద్దున ఎప్పుడూ తాగే అంబలికి తోడు మిగతా రెండు పూటలూ అంబలే పెట్టడం మొదలుపెట్టాను. రాగి ముద్దను నీళ్ళలో పిసికి, మజ్జిగ పోసి, ఉప్పేసి ఇచ్చేవాణ్ణి. చిక్కగా ఉంది మామా అంటే ఇంకొంచెం నీళ్ళు పోసేవాణ్ణి. అంబలి మాకు అన్నమే. మా ఊళ్ళో పొద్దున అంబలి పోసుకున్నవాణ్ణి తిన్నావా అని ఎవరూ అడగరు, తిన్నట్టే లెక్క. బరువు మాత్రం తగ్గలేదు. కాళ్ళు ఉబ్బాయి. పడుకుంటే ఊపిరి ఆడక కూర్చుని నిద్రపోయేది.

మేడమ్ ఇంకో రెండుసార్లు చూసి పుస్తకం తీసేసుకుంది. సరిగా రాయని వాళ్ళను పరిశోధనలోంచి తీసేస్తున్నారట. నా భార్య పేరు పక్కన ఏదో రాసింది. ఏమి రాశారు అని అడిగితే అది మీకు చెప్పేది కాదంది. నా భార్య ప్లాస్టిక్ కవరు మాత్రం మడిచి సంచిలో పెట్టుకుంది.

పది రోజులకు ఆయాసం ముదిరి వార్డులో చేర్చాం. ఒంట్లో నీళ్ళు తొందరగా లాగబోతే బీపీ పడిపోయేది, పిక్కలు పట్టేసేవి. ఆపితే ఊపిరితిత్తుల్లో నీళ్ళు. ఆసుపత్రి ఇడ్లీ సయించక అంబలి అడిగింది. నేను ఇంటికి వచ్చి చేశాను. గిన్నె కడిగి పెట్టుకున్నాను. పక్కనే పరిశోధనవాళ్ళిచ్చిన స్టీలు గ్లాసు ఉంది, దాన్ని వాళ్ళు వెనక్కి అడగలేదు. నీళ్ళు పోయడానికి చేతికి అదే దొరికింది. ఒక గ్లాసు పోశాను, పిసికాను. రెండో గ్లాసు పోశాను. మజ్జిగతో కలిపి మూడు గ్లాసుల పైన పట్టింది.

పొయ్యి ముందు కూర్చుండిపోయాను. ఆమె రోజుకు మూడు గిన్నెలు తాగుతోంది. ప్రతి గిన్నెకూ టిక్కు పెట్టింది. వాళ్ళు ఎక్కడ పెట్టమన్నారో అక్కడే, కుడి పేజీలో, అన్నం పక్కన. ఏదీ దాచలేదు. మేడమ్ ఎడమ పేజీ ఒక్కటే లెక్కపెట్టింది. నేను క్యాను ఒక్కటే చూశాను. అంబలిలోకి నేను నీళ్ళు తీసింది వంట నీళ్ళ కుండలోంచి.

గిన్నె, గ్లాసు సంచిలో వేసుకుని ధర్మపురి పోయాను. ఆ రోజు పెద్ద డాక్టరు వచ్చి ఉన్నాడు. ఆయన బల్ల మీద గిన్నె పెట్టి గ్లాసుతో నీళ్ళు పోసి చూపించాను. ఆయన కసురుకోలేదు, అది ఒప్పుకోవాలి. ఇది మాకు తట్టలేదన్నాడు. మంచి సంగతి చెప్పారన్నాడు. మేడమ్‌ను పిలిచి ఏదో ఇంగ్లీషులో రాయించుకున్నాడు. నేను ఒక్కటే అడిగాను: నా భార్య ఇరవై అడుగుల దూరంలో ఉంది, వచ్చి మీరు అబద్ధం చెప్పలేదమ్మా అని ఒక్క మాట చెప్పండి. తప్పకుండా అన్నాడు. ఇప్పుడు మీటింగు ఉంది, మళ్ళీ వచ్చినప్పుడు మొదట ఆమె దగ్గరికే వస్తానన్నాడు.

నేను ఆమె దగ్గరికి పోయి విషయం చెప్పాను. ముక్కుకు గొట్టం ఉంది. వేళ్ళమీద లెక్కపెట్టుకుంది.

“మూడు గిన్నెలకు తొమ్మిది గ్లాసులా? బొమ్మ అన్నంలో వేసినారు కదా మామా.”

“అవును.”

“అయితే నేను అబద్ధం చెప్పలే.”

అవునని అనొచ్చు. నువ్వు చెప్పలేదు, నేనే నమ్మలేదు, క్యాను మీద గీత గీసినవాణ్ణి నేనే అని అనొచ్చు. కానీ నాకు వాళ్ళమీద కోపం. తప్పు చేసినవాళ్ళు ముందు నోరు తెరవాలి, పది మంచాల ముందు అన్నదాన్ని పది మంచాల ముందే వెనక్కి తీసుకోవాలి, ఆ తర్వాతే నా సంగతి. “ఉండు, డాక్టరే వచ్చి చెప్తాడు” అన్నాను.

ఆమె సరే అన్నట్టు కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత తలుపు దగ్గర తెల్లకోటు కనిపిస్తే తల కొంచెం ఎత్తి చూసేది.

ఆరో రోజు పొద్దున మెషిన్ మీద ఉండగానే పోయింది. గుండె ముందే బలహీనపడిందని, అంబలి ఒక్కటే కారణం కాదని వార్డు డాక్టరు చెప్పాడు. అది నిజమే కావచ్చు. నా పిటిషన్ దాని గురించి కాదు. ఆమె పేరు పక్కన రాసినదాన్ని కొట్టివేయాలని. వచ్చిన జవాబులన్నీ ఒకటే: సంబంధిత అధికారికి పంపబడింది.

కొన్ని నెలల తర్వాత గొర్రెలాయన బస్టాండులో కనబడ్డాడు. నేను తల తిప్పుకున్నా ఆయనే వచ్చి పలకరించాడు. సంచిలోంచి కొత్త పుస్తకం తీసి చూపించాడు. ఎడమ పేజీలో, గ్లాసుల పక్కన, అంబలి గిన్నె ఉంది. దానికి మూడు గ్లాసుల లెక్క. “అక్క గిన్నే మామా ఇది,” అన్నాడు. “ఇప్పుడు నాకు రెండు కిలోలు దాటడం లేదు.” ఆ రోజు అన్న మాటకు ఆయన క్షమాపణ అడగలేదు. ఆ ఒక్కసారికి, ఆయన అడగాలని నేనూ అనుకోలేదు.

నీళ్ళ క్యాన్లు ఊరంతా తిరుగుతాయి. ఖాళీది ఇస్తే నిండినది ఇస్తారు, ఎవరిది ఎవరికి వస్తుందో చెప్పలేం. పోయిన వారం బండివాడు దించిన క్యాను వెనక వైపు రెండు వేళ్ళ దూరంలో రెండు నల్ల గీతలున్నాయి. నా చేతి గీతలు. కింది గీత చుట్టూ మసక తుడిచి ఉన్నట్టు నాకు కనిపించింది, అది నా భ్రమే, ఇన్నాళ్ళు ఉండదు. వేరేది ఇయ్యమంటావా అన్నా అని బండివాడు అడిగాడు. వద్దన్నాను. లోపలికి మోసుకొచ్చి, గీతలు నాకు కనబడేటట్టు ముందుకు తిప్పి పెట్టుకున్నాను.