రాజుగారు ఒగ్గేసిన ఖాళీ

నేను చేసిన నిర్వాకం వినండి. విన్నాక తిడుదురు గానీ, ముందు ఈ టీ తాగనివ్వండి. ఒక్క ముక్క చెప్తాను. మీ ఊళ్ళో మ్యూజియం పెడదాం రమ్మని ఎవరైనా వస్తే తలుపేసి గడియ పెట్టుకోండి. చరిత్ర లేదని మా ఊళ్ళో ఎవరూ ఏడవలేదు. ఉందని చెప్పబోయి ఏడ్చింది మేం ముగ్గురమే!

మా మ్యూజియం మీకు తెలీదు కదా? మా వీధి వాళ్ళకే తెలీదు లెండి. పాతపట్నం దాటాక మా ఊరు వస్తుంది. రోడ్డు బంగళా వెనకాల పాత వంటగది ఉంది చూశారూ, అదే మ్యూజియం. నడిపేది ముగ్గురం. సింహాచలం మాస్టారు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. జగ్గారావు గారిది బజార్లో స్టీలు సామాన్ల షాపు. మూడోదాన్ని నేను. మిషనాసుపత్రి నర్సుని. రిటైరయ్యాక ఇంజక్షన్ పొడవడానికి ఎవరూ దొరక్క ఇటొచ్చి పడ్డాను.

కుంచాలు, తిరగళ్ళు, తూకం రాళ్ళు, మా చర్చిలో మొట్టమొదటి హార్మోనియం, అన్నీ మాస్టారు గడప గడపా ఎక్కి అడుక్కొచ్చినవే. ప్రతిదాని మీదా నేను ఆసుపత్రి ప్లాస్టరు ముక్క అంటించి ఎవరిచ్చారో బాల్ పెన్నుతో రాసేదాన్ని. చూడ్డానికి ఎవరొచ్చేవాళ్ళంటారా? వానొస్తే వచ్చేవాళ్ళు. బస్సు తప్పిపోతే వచ్చేవాళ్ళు. "బాత్రూం ఎటేపమ్మా?" అని అడగడానికి వచ్చేవాళ్ళు. అంతే!

కానీ ఒక్క వస్తువు ఉండేది. మూడు రాగిరేకులు. చెయ్యంత పొడుగు, ఒక కడియానికి గుచ్చి ఉంటాయి. కడియం మీద ఎద్దు బొమ్మ. మిల్లు తవిటయ్య వాళ్ళ నాన్న లచ్చుమయ్య రైసుమిల్లుకి పునాది తవ్విస్తుంటే కుండలో దొరికాయి. ఆయన పోయేదాకా దేవుడి గూట్లో పెట్టి పసుపు రాశారు. ఆయన పోయాక మాస్టారు తవిటయ్య వెంటపడి, బతిమాలి తెచ్చారు. లోపల అక్షరాలు మాకెవరికీ రావు. మాస్టారికి మాత్రం వాటిని చూస్తే ప్రాణం లేచొచ్చేది. "ఇందులో మన ఊరిని ఏ రాజు దానమిచ్చాడో ఉంటుంది సుగుణమ్మా. ఆ ఒక్క పేరూ తెలిస్తే చాలు నాకు" అనేవారు. ఆయన భార్య పోయాక ఆ మాట మరీ ఎక్కువైంది.

ఇలా ఉండగా పంచాయతీ వాళ్ళకి మా గది మీద కన్నుపడింది. ఎందుకు? చెత్త బళ్ళు పెట్టుకోడానికి! ఎండలో టైర్లు పాడైపోతున్నాయంట. సర్పంచి వచ్చి, హార్మోనియం మీద చెయ్యేసి, తేల్చి చెప్పేశాడు.

"సిస్టరమ్మా, నాకు మీమీద కోపం నేదు. పెద్దాఫీసు నుంచి ఎవులైనా వొచ్చి, ఇందల దాసుకోదగ్గ సామాను ఉన్నాదని రాసిస్తే గది మీది. నేదంటే బళ్ళది."

మాస్టారు పట్టు వదిలే మనిషి కాదు. విశాఖపట్నం వెళ్ళి, పురావస్తు శాఖ ఆఫీసు మెట్ల మీద కూర్చుని, శాసనాలు చదివే ఒక మేడమ్‌ని ఎలాగో ఒప్పించారు. శుక్రవారం వస్తానందావిడ. మాస్టారి ముఖం చూడాలి! పెళ్ళికొడుకులా గడ్డం గీయించుకుని, ముందురోజే ఆవిణ్ణి తీసుకురావడానికి బయల్దేరారు. వెళ్తూ వెళ్తూ నాకు తాళం చెవి ఇచ్చి, "రేకుల్ని తోమకండి. చింతపండూ వద్దు, పౌడరూ వద్దు. ఆ చిలుమే వాటికి వయసు" అన్నారు.

నేను నర్సుని. డాక్టరు వద్దన్నది చచ్చినా చెయ్యను. తోమలేదు. నామీద ఒట్టు, తడిగుడ్డ కూడా తగలనివ్వలేదు!

ఆయన బస్సెక్కారో లేదో, తవిటయ్య బుల్లెట్ వచ్చి గుమ్మంలో ఆగింది. మేడమ్ వస్తున్న సంగతి ఊరంతా తెలిసిపోయింది కదా. లోపలికొచ్చి రేకుల మీద నా ప్లాస్టరు ముక్క చూశాడు.

"ఇదేటమ్మా? మా నాన్నకి దెబ్బేటైనా తగిలినాదా, పిలాస్టరేసినావు?"

"పేరు రాశాను కదా బాబూ, కీర్తిశేషులు లచ్చుమయ్య గారని."

"కాయితం సిరిగిపోద్ది. రేపు ఆ మేడమ్మొచ్చి పీకీసి అవతల పారేస్తాది. కోవెల్లో ఫేను మీద సూడు, మెట్టు మీద సూడు, పేరు ఎలగుంటాదో! మా నాన్న పేరు నిలబడాల. నేదంటే నా రేకులు నాకిచ్చీ, నాను పట్టుకుపోతాను."

అనడమే కాదు, రేకులు చంకలో పెట్టేశాడు! రేకులు లేకపోతే మేడమ్‌కి ఏం చూపించాలి? తిరగళ్ళా? మాస్టారికి ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. బస్సులో ఫోన్ ఆపేస్తారాయన, బ్యాటరీ మిగులుతుందని!

"ఉండు బాబూ, కోప్పడకు. చెరిగిపోకుండా వేయిస్తాను, సరేనా?" అన్నాను.

"మా నాన్న మీద ఒట్టేనా?"

"మీ నాన్న మీద ఒట్టు." తెలివైనదాన్ని కదా, మా నాన్న మీద పెట్టుకోలేదు. రేకులు నా చేతిలో పెట్టి బుల్లెట్ ఎక్కి వెళ్ళిపోయాడు.

అప్పుడు వెలిగింది నా బుర్ర. చెరిగిపోని పేరు ఎక్కడ దొరుకుతుంది? జగ్గారావు గారి షాపులో! పెళ్ళి సారెకి గ్లాసులు కొన్నా, చిన్న ఉగ్గుగిన్నె కొన్నా, ఆయన మిషను తీసి గుర్రుమని పేరు కొట్టి ఇస్తాడు. మా ఇంట్లో గరిటె మీద కూడా ఉంటుంది పేరు. ముప్పై ఏళ్ళు తోమినా పోలేదు. ఇంతకన్నా శాశ్వతం ఏముంటుంది లోకంలో? రేకుల్ని తుండుగుడ్డలో చుట్టుకుని వెళ్ళాను. మాస్టారు తోమొద్దన్నారు. చెక్కొద్దని ఎక్కడా అనలేదు!

జగ్గారావు గారు కళ్ళజోడు సవరించుకుని రేకుల్ని అటూ ఇటూ తిప్పాడు. లోపలంతా చీమల బారులా రాతే. పైన మాత్రం, మొదటి రేకు ముఖం మీద, ఒక్క అక్షరం లేదు. నున్నగా, ఖాళీగా ఉంది.

"సూసినారా సుగుణమ్మ గారూ! ఇలగ ఖాళీ ఎందుకు ఒగ్గీసినాడంటారు ఆ రాజు? ఎనకాలొచ్చినోలు రాసుకోడానికే! ముందుసూపు గల మారాజు."

నిజమే అనిపించింది. నిజంగా అనిపించింది, నవ్వకండి.

మిషను ఆన్ చేశాడు. కీ.శే. లచ్చుమయ్య గారి జ్ఞాపకార్థం, కుమారుడు తవిటయ్య. పాత రాగి మెత్తగా ఉందేమో, సూది వెన్నలో దిగినట్టు దిగింది. పక్కన పువ్వు కూడా కొట్టాడు, డబ్బులడక్కుండా. అయ్యాక నా వైపు చూశాడు.

"మరి మీ పేరో? రేకులిచ్చినోలి పేరుంటే సాలదు, ఏయించినోలి పేరు కూడా ఉండాల కదా."

"నాకెందుకండీ" అన్నాను. ఆయన రెండోసారి అడుగుతాడని ఆగాను. అడగలేదు! మిషను వైరు చుట్టడం మొదలెట్టాడు.

మీతో దాపరికం ఎందుకు? నా చేతుల మీద మా ఊళ్ళో సగం మంది పుట్టారు. ఉమ్మనీరు మింగినవాళ్ళని తలకిందులుగా పట్టుకుని ఏడిపించాను. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు పిల్లకి సుగుణ అని పెట్టుకున్నారా? పెట్టలేదు. అందరూ సినిమా పేర్లే! ఆ మంట ఉంది లోపల. అందుకని, "సరే, మీరంతగా అంటున్నారు కాబట్టి, కింద చిన్నగా వెయ్యండి" అన్నాను.

వేశాడు. ఏర్పాటు: సిస్టర్ సుగుణ. ముచ్చటగా ఉంది. ఇంటికొచ్చి ప్రార్థన చేసుకుని హాయిగా పడుకున్నాను కూడా!

తెల్లారింది. మేడమ్ వచ్చింది. సన్నగా, నెమ్మదిగా ఉంది మనిషి. సంచీలోంచి భూతద్దం తీసింది. గుమ్మంలో సర్పంచి, బుల్లెట్ మీద తవిటయ్య. జగ్గారావు గారు టీ తేవడానికి వెళ్ళాడు. మాస్టారు గుడ్డ విప్పి, రెండు చేతులా పట్టుకుని, రేకుల్ని ఆవిడ ముందు పెట్టారు. పెడుతూనే ఆయన చెయ్యి ఆగిపోయింది.

మేడమ్ ఆ కొత్త అక్షరాల మీద వేలితో తడిమి చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఈ మొదటి ముఖం ఎందుకు ఖాళీగా వదిలేవారో తెలుసాండీ?"

రాసుకోడానికి అనబోయి, ఎందుకో నోరు నొక్కుకున్నాను.

"బయటి రాపిడి అంతా ఈ ముఖానికే తగలాలని. లోపలి అక్షరాలు అరగకూడదని. పుస్తకానికి అట్ట లాగా అన్నమాట. ఇన్ని వందల ఏళ్ళు కాపాడిందండీ ఇది." రేకు తిప్పింది. వెనక రాతలో మా పువ్వు, మా లచ్చుమయ్య, అన్నీ తిరగేసి పొంగి ఉన్నాయి! సూది ఇటు నుంచి అటు తన్నేసింది. ఆవిడ మళ్ళీ ఇటు తిప్పి, భూతద్దం దగ్గరికి పెట్టి చదివింది. "సిస్టర్ సుగుణ. ఎవరీవిడ?"

మాస్టారు నా వైపు చూశారు. నేనేం చేశానంటారు? గోడ మీద బల్లిని చూస్తూ, "తెలీదు మేడమ్. ఎవరో..." అనేశాను.

యేసు ఎవరో తెలీదని పేతురు మూడుసార్లు బొంకితే గానీ కోడి కుయ్యలేదు. నాకంత టైం ఎక్కడిది? మొదటిసారికే గుమ్మంలోంచి కేక, "సుగుణమ్మ గారో! మేడమ్ గారి టీలోకి పంచదార ఎయ్యమంటారా?"

వెయ్యండి బాబూ, వెయ్యండి. అందులోకి కాస్త ఎలకల మందు కూడా కలిపి నాకివ్వండి అనిపించింది.

మేడమ్ పంచదార లేని టీ తాగి, ఒక కాగితం రాసి మాస్టారి చేతిలో పెట్టింది. వస్తువు చాలా విలువైనదంట. ఇక్కడి మనుషుల దగ్గర ఉంచడం ప్రమాదమంట. పట్నం తీసుకుపోయి బాగుచేసే వాళ్ళకి ఇస్తారంట. తవిటయ్య గొడవ చేస్తాడనుకుంటే, "తీసికెల్లండమ్మా, అక్కడైతే ఇంకా నలుగురూ సూస్తారు. మా నాన్న పేరు ఉంటాది కదా?" అన్నాడు. ఉంటుందన్నదావిడ. "అదే కదండీ బాధ" అని కూడా అంది గానీ, వాడికి ఎక్కలేదు.

కారు వెళ్ళిపోయాక మాస్టారు హార్మోనియం పక్కన కూలబడ్డారు. నాలుగు తిట్లు తిట్టినా సరిపోయేది. ఆయన తిట్టలేదు.

"తోమొద్దని చెప్పాను. చెక్కొద్దని కూడా చెప్పాలని నాకు తట్టలేదు సుగుణమ్మా. నాదే పొరపాటు" అన్నారు.

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు చెప్తుంటే కూడా వస్తోంది. కాన్పు గదిలో బిడ్డ దక్కనప్పుడు కొందరు తండ్రులు అరిచేవాళ్ళు, కొందరు "మీరేం చేస్తారు లెండి" అనేవాళ్ళు. ఆ రెండో రకం వాళ్ళని చూస్తేనే నాకు అన్నం సయించేది కాదు.

గది పోయింది. మాటంటే మాటే, దాచుకోదగ్గ సామాను లేదు కదా ఇంక. తిరగళ్ళు ఎవరివి వాళ్ళు పట్టుకుపోయారు, నా ప్లాస్టరు ముక్కలతో సహా. హార్మోనియం చర్చి స్టోరు గదిలో చేరింది. వంటగదిలో చెత్త బళ్ళు దిగాయి. మొన్న బజారుకెళ్తూ తొంగి చూశాను. కొత్త బండి ఒకటి ఉంది, ఆకుపచ్చది. పక్కన తెల్ల పెయింటుతో ఏముందో తెలుసా? కీ.శే. లచ్చుమయ్య గారి జ్ఞాపకార్థం, కుమారుడు తవిటయ్య! తడి చెత్త ఒకవైపు, పొడి చెత్త ఒకవైపు, మధ్యలో పెద్దాయన.

మాస్టారు మాత్రం విశాఖపట్నం ఫోన్లు మానలేదు. నిన్న మా ఇంటికొచ్చారు. మేడమ్ రేకులన్నీ చదివేసిందంట. దానం తీసుకున్నవాళ్ళ పేర్లున్నాయి. మన ఊరి పొలిమేర ఉంది, ఏటి పేరు ఉంది, చింతచెట్టు గుర్తు కూడా ఉంది.

"మరి రాజు పేరో మాస్టారూ?" అన్నాను ఆశగా.

ఆయన మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టారు. రాజు పేరున్న వరస సరిగ్గా మా పువ్వు వెనకాల పడిందంట. అక్షరాలు చితికిపోయాయి, ఇంక ఎవరి తరమూ కాదంట. అయినా మన రేకుల్ని అక్కడ అద్దాల పెట్టెలో పెట్టారంట, ముందు ఒక చీటీ కూడా రాసి. మాస్టారు జేబులోంచి కాగితం తీసి చదివి వినిపించారు. ఊరిని దానమిచ్చింది ఎవరో తెలియదు అని ఉంది. ముఖం మీది రాత ఇటీవలిది, సిస్టర్ సుగుణ వేయించినది అని దాని కింద ఉంది.

చిన్నగా కాదు, మిగతా అక్షరాలంత సైజులోనే వేశారంట.