హిల్డా సీటులో బొగ్గు బస్తా

ఇంగ్లండులో నేత మిల్లుల ఊరైన నెల్సన్‌లో మగ్గాలు బాగుచేసే మేస్త్రీల మీద ఉన్నన్ని కథలు మరెవరి మీదా లేవు. మగ్గం ఆగిపోతే వాళ్లే దిక్కు, అది మళ్లీ ఆడగానే వాళ్లే వెర్రివాళ్లు. పెట్టెలో అగ్గిపుల్లలన్నీ వెలుగుతాయో లేదో ఒక్కొక్కటీ గీసి చూసిన మేస్త్రీ కథ చెప్పుకుని మిల్లులో ఆడవాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. ఎల్లిస్ గ్రిమ్‌షా ముప్పై ఏళ్లుగా మేస్త్రీ. ఆ కథలకు తనూ నవ్వాడు, తన మీద ఒకటి పుట్టకుండా మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని బతికాడు.

అలాంటివాడు పెరటి షెడ్డులో మూడు చక్రాల బండి కట్టడానికి పూనుకున్నాడంటే హిల్డాయే కారణం. అతనికి మోటారుసైకిలు లైసెన్సే ఉంది, కారుది లేదు; మూడు చక్రాల బండికి ఆ లైసెన్సు చాలు. మోటారుసైకిలు పక్కన తొట్టి తగిలించి భార్యను ఎక్కిస్తే ఒక్క ప్రయాణానికే ఆమె విసిగిపోయింది. ఇద్దరూ మగ్గాల హోరులో చెవులు సగం పోగొట్టుకున్నవాళ్లు. మిల్లు జనమంతా చేసినట్టే, గొంతు లేకుండా పెదవులు కదిపి మాట్లాడుకునేవాళ్లు.

“ఆ తొట్టిలోంచి నీ మోకాలు తప్ప నాకేం కనబడదు. మోర్‌కామ్ సముద్రం దాకా మోకాలితో కబుర్లు చెప్పమంటావా?” అంది.

అందుకని ఎల్లిస్ మోటారుసైకిలు వెనక సగం ఉంచి ముందు సగం కోసేశాడు. తుక్కు దుకాణంలో దొరికిన పాత కారు ముందు ఇరుసును, దాని రెండు చక్రాలతో సహా అక్కడ అతికించాడు. మధ్యలో ఇద్దరు పక్కపక్కనే కూర్చునే సీటు. ప్రతి ఆదివారం హిల్డా అల్లిక పట్టుకుని ఎడమవైపు కూర్చునేది. అతను కింద పడుకుని, ఆమె బరువుకు బండి ఒరగకుండా ఎడమ స్ప్రింగు నట్టు బిగించేవాడు.

“సరిగ్గా ఒక బస్తా బొగ్గంత ఉన్నావు.”

“అయితే బొగ్గుతోనే కాపరం చెయ్యి పో.”

ఫిబ్రవరిలో జ్వరం ఊపిరితిత్తులకు దిగి, తొమ్మిది రోజుల్లో హిల్డా పోయింది. ఎల్లిస్ బండి పని ఆపలేదు. ఆపితే సాయంత్రాలు ఏం చెయ్యాలో తెలియలేదు. వంటింట్లో నిలబడి అప్పుడప్పుడు పెదవులు కదిపేవాడు. చూసేవాళ్లు లేని ఇంట్లో అంతకంటే పనికిమాలిన పని లేదు.

జూన్‌లో బండి వీధిలోకి తెస్తే కుడివైపుకు ఒరిగి లాగింది. లేని మనిషిని మోయడానికి ఎడమ స్ప్రింగు బిగుసుకుని కూర్చుంది మరి. నట్టు మూడు చుట్లు వదులు చేస్తే చాలని మేస్త్రీకి తెలియదా? తెలుసు. స్పానరు చేతిలోనే ఉంది. దాన్ని పక్కన పెట్టి, బొగ్గు బస్తా తెచ్చి ఎడమ సీటులో తాడుతో కట్టాడు. బండి తిన్నగా నడిచింది.

జూలైలో మిల్లులన్నీ వారం రోజులు మూస్తారు. శనివారం పొద్దున ఊరు ఊరంతా పెట్టెలు పట్టుకుని సముద్రానికి రైలెక్కింది. బస్తాను చూసి నవ్వేవాళ్లు లేరని నిశ్చయించుకున్నాక ఎల్లిస్ బయలుదేరాడు. హిల్డాకిచ్చిన మాట ప్రకారం మోర్‌కామ్ చేరాలి. రోజూ పనికి పోయే అలవాటు కొద్దీ ఇళ్ల వెనక సందులోకి దిగాడు. అది పల్లంలో మిల్లు ఆవరణలోకి తెరుచుకుంటుంది.

గేటుకు తాళం వేసి ఉంది. మిల్లు మూసినందుకే సెలవుకు పోతున్న మనిషి, మిల్లు మూస్తారన్న సంగతే మరిచిపోయాడు.

బండి తిప్పడానికి సందులో చోటు లేదు. మోటారుసైకిలు ఇంజను కాబట్టి వెనక్కి పోయే గేరు లేదు. దిగి, రాళ్లు పరిచిన ఎత్తు మీదికి వెనక్కి తోశాడు. అడుగు ఎక్కి అడుగు జారింది. పిలవడానికి ఊళ్లో మనిషి లేడు. బస్తావైపు తిరిగి పెదవులు కదిపాడు.

“ఏం తప్పు చేశావని క్షమించమంటున్నావు?”

ఎల్లిస్ ఉలిక్కిపడ్డాడు. పెరటి గుమ్మంలో మిసెస్ రిష్టన్ నిలబడి ఉంది. ఎనభైకి దగ్గరపడిన పాత నేతగత్తె, కాళ్ల నొప్పులతో సముద్రం మానుకుంది. పెదవులు చదవడం మాత్రం మానుకోలేదు.

“గేటు మరిచిన మేస్త్రీ కథ మిల్లు తెరిచే నాటికి సిద్ధంగా ఉంచుతాలే. ముందు ఆ బస్తా దింపు నాయనా, తేలికవుతుంది,” అంది.

“అది దింపనండి.”

“ఎందుకని?”

“అది హిల్డా బరువు.”

ముసలావిడ నవ్వలేదు. 

“హిల్డా అయితే ఈపాటికి దిగి తోస్తుండేది. నువ్వు చెమటలు కక్కుతుంటే కూర్చుని చూసే మనిషా?”

శ్మశానంలో కూడా రాని ఏడుపు ఎల్లిస్‌కు అక్కడ వచ్చింది. కాసేపయ్యాక తాడు విప్పి, బస్తా భుజానికెత్తి ఆవిడ గుమ్మం పక్కన దించాడు.

“చలికాలానికి ఉంచుకోండి.”

ఆవిడ స్టీరింగు పట్టుకుంది, అతను తోశాడు. బండి మెల్లగా ఎత్తు ఎక్కింది. పైన వీధిలో ఎల్లిస్ బండి కింద పడుకుని నట్టు తిప్పాడు. రెండు చుట్లు తిప్పి చాలాసేపు ఊరుకున్నాడు. తర్వాత మూడోదీ తిప్పాడు.

మోర్‌కామ్ దాకా బండి ఎటూ లాగలేదు. లాగి ఉంటే బాగుండుననిపించింది అతనికి.