నాలుగు హద్దుల గది

శంషాబాద్‌లో మేం ముగ్గురం ఆడపిల్లలం కిరాయికున్న గదికి బాండు పేపరు మీద ఒప్పందం ఉండేది. ఇంటామెతో కాదు, మాలో మాకే. అప్పుడు ఎయిర్‌పోర్టు వచ్చిన కొత్త. ఎవరి నోట విన్నా భూముల మాటే, ఎవరి చేతిలో చూసినా కాయితాలే. మా ఇంటామె తొండుపల్లిలో ఉన్న చెలక భూమిని నోటిమాట మీద అమ్మి మోసపోయిన మనిషి. నీళ్ల బకెట్ల దగ్గర మా కొట్లాటలు చూసీ చూసీ, "నోటిమాట నీటిమూట బిడ్డా, కాయితం రాస్కోండ్రి" అని తానే బాండు పేపరు తెప్పించింది.

ఆమెకు తెలిసింది భూమి కాయితం ఒక్కటే. అందుకే పొలం రాసినట్టే రాయించింది. ఎవరి చాపకు ఏవి హద్దులో నాలుగు దిక్కులా పెట్టించింది. నాకు తూర్పున కిటికీ, పడమర గ్యాస్ సిలిండర్. రాసింది నేనే. డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నాను, ముగ్గురిలో పెద్దదాన్ని. చివర్లో సొంత తెలివి ఉపయోగించి ఒక షరతు కలిపాను: నాలుగో మనిషి రాత్రి ఉండకూడదు, ఎవరైనా సరే. అంతకుముందున్న గదిలో ఒకామె చుట్టాలు వారాల తరబడి తిష్ఠ వేసి నా పరీక్షలు మట్టిపాలు చేశారు మరి. సంతకాలయ్యాక ఇంటామె మా నోళ్లలో తలా ఇంత చక్కెర పోసింది. నాకు భలే గర్వంగా అనిపించింది.

రెండు నెలలు గది ప్రశాంతంగా ఉంది. తర్వాత ఒకరోజు, పరిగి వైపు పల్లె నుంచి వచ్చి మొదటి ఏడాది చదువుతున్న మా ముగ్గురిలో చిన్నమ్మాయి వాళ్లమ్మను వెంటబెట్టుకొచ్చింది. ఆమెకు గొంతులో కేన్సరు. పట్నం దవాఖానలో నెల రోజులు, రోజూ కరెంటు పెట్టాలన్నారు. రేడియేషన్‌ని మా దిక్కు అలాగే అంటాం. వాళ్ల ఊరి నుంచి రోజూ వచ్చి పోవాలంటే బస్సుల్లోనే ఆరు గంటలు.

"నా చాప మీదనే పండుతది అక్కా. నా హద్దు దాటదు. నేను గోడకు ఆనుకోని కూసోనే నిద్రపోత," అంది ఆ పిల్ల.

మూడో అమ్మాయి నా మొహం చూసింది. ఇంటామె గుమ్మంలో నిలబడి, "రాస్కున్నోళ్లు మీరు, మీ ఇష్టం" అంది. నేను ఊ అంటే చాలు.

నేను అనలేదు. నెలలో పరీక్షలున్నాయి. జబ్బు అంటుకుంటుందని కాదు నా భయం. పక్కన ఒక మనిషి మూలుగుతుంటే నా చదువు సాగదని. ఆ మాట చెప్పడానికి నోరు రాక కాయితం చూపించాను.

"ఎవరైనా సరే అని రాస్కున్నం కద," అన్నాను.

నన్ను గట్టెక్కించింది వాళ్లమ్మే. "నిజమే బిడ్డా. రాస్కున్నంక తప్పొద్దు" అని బొంగురు గొంతుతో అని, సంచి భుజానికేసుకుంది. కూతురు ఆమె వెంటే పోయింది. తప్పు చేశానని నాకు అప్పుడే తెలుసు. తెలిసీ మొండిగా పుస్తకం తెరిచి కూర్చున్నాను.

నా పరీక్షలు అయిపోయాక ఆ పిల్ల తన పెట్టె కోసం వచ్చింది. ఒక్కతే వచ్చింది. బాగా చిక్కిపోయింది. ఆమె పరీక్షలు రాయనే లేదు. అమ్మకు ఎట్లుందని అడిగాను.

"పన్నెండు దినాలకే కరెంటు బంద్ చేసినం అక్కా. బస్సులల్ల పోయొచ్చుడు ఆమెతోని కాలే. ఇగ నీళ్లు గుడ మింగుతలేదు."

ఆ మాట విన్నాకైనా నా తప్పు ఒప్పుకోవాల్సింది. ఒప్పుకోకపోగా ఎదురు నిష్ఠూరమాడాను.

"ఇంకొక్కసారి అడిగితే నేను కాదంటుంటినా?"

ఆమె పెట్టెకు గొళ్లెం వేస్తూ తలెత్తలేదు. గొంతులో కోపం కూడా లేదు.

"ఆ ఒక్కసారి అడగనీకే నాకు మూడు దినాలు పట్టింది అక్కా," అంది.