సందు చుక్కలో సీటు

మొన్న శనివారం పొద్దున ఎదురు ఫ్లాట్ తలుపు తెరుచుకుంది. టీచరమ్మగారి కొడుకు బయటికి వచ్చి, "అంకుల్, అమ్మ ఇంక లేవలేదు" అన్నాడు. వెళ్లి చూశాను. పడుకున్న మనిషి పడుకున్నట్టే ఉన్నారు. ఒక పక్క కూతురు, ఒక పక్క కోడలు, కాళ్ల దగ్గర మనవలు. నాకు ఏడుపు ఆగలేదు. కానీ నిజం చెబుతున్నాను, ఆ గదిలోనే నా గుండె కుదుటపడింది కూడా. కరోనా రోజుల్లో అయినవాళ్లను అద్దానికి అవతలి నుంచి సాగనంపిన కుటుంబాలు ఎన్నో! ఈవిడకి ఆ గతి పట్టలేదు. చెయ్యి పట్టుకునేవాళ్లందరూ పక్కనే ఉన్నారు. దేవుడా, నీకు వెయ్యి దండాలు.

ఆవిడ ఇక్కడ కెనడాలో, వాటర్లూ ఊళ్లో, యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకునే టీచరు. నేను తెనాలిలో బట్టల కొట్లో గుడ్డ కొలిచి చింపి ఇచ్చినవాణ్ణి, ఎనిమిదో తరగతి దాటలేదు. అయినా ఆవిడ నన్ను "అన్నయ్యగారూ" అని తప్ప ఇంకోలా పిలవలేదు.

కరోనా వచ్చిన ఏడు నేను అమ్మాయిని చూడ్డానికి వచ్చి, విమానాలు ఆగిపోయి ఇక్కడే ఉండిపోయాను. లేకలేక పుట్టిన పిల్ల అది. ఉన్న ఉద్యోగం మానుకుని చదువుకోవడానికి వచ్చింది. యూనివర్సిటీ సెప్టెంబరు సెమిస్టరుకి సిద్ధమవుతోంది. పాఠాలన్నీ కంప్యూటర్లోనే అన్నారు. ల్యాబ్ మాత్రం మనిషి వెళ్లి చేయాల్సిందే. మనిషికీ మనిషికీ రెండు మీటర్ల దూరం ఉండాలి కాబట్టి, బల్లకి ఒకవైపే కూర్చోబెడతామన్నారు. అంటే సగం మందికే చోటు. ఆ సగంలో మా అమ్మాయి లేదు. ఆ సెమిస్టరు తప్పితే ఏడాది ఆగాలి, అన్నాళ్లు ఉండడానికి పర్మిట్ లేదు. చదువు మధ్యలో వదిలేసి వెనక్కి రావలసిందే. పిల్ల కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే నాకు ముద్ద దిగేది కాదు.

ఒకరోజు పొద్దున తలుపు చప్పుడైంది. తీసి చూస్తే టీచరమ్మగారు అంత దూరాన నిలబడి ఉన్నారు. చీర మీద తెల్ల ల్యాబ్ కోటు, మూతికి మాస్కు, చేతిలో ముగ్గు డబ్బా.

"అన్నయ్యగారూ, రెండు మీటర్లంటే మీ చేతికి ఎన్ని మూరలు?"

"నాలుగున్నర అమ్మా."

"అయితే రండి, కొలవండి. కొట్లో గుడ్డ కొలిచినట్టు లాగి పట్టకండి మరి!"

మా ఫ్లాట్ల మధ్య ఉన్న పొడుగాటి వరండాలో నేను కొలుస్తుంటే ఆవిడ బియ్యప్పిండితో చుక్కలు పెట్టారు. రెండు వరుసలు, ఎదురెదురుగా. "ఇదిగో, ఇలా ఎదురు చుక్కలు పెడితే ఒకరి ఊపిరి ఇంకొకరి మొహాన పడుతుంది. అందుకే ఒక వరుస ఎత్తేశారు మావాళ్లు" అన్నారు. తర్వాత రెండో వరుసను కాలితో చెరిపేసి, మొదటి వరుస చుక్కల సందుల్లోకి జరిపి పెట్టారు. "ఇప్పుడివి సందు చుక్కలు. బల్లకి రెండు వైపులా కూర్చోవచ్చు. ఏటవాలుగా కూడా కొలిచి చెప్పండి."

కొలిచాను. దూరం సరిపోయింది! నన్ను ఒక చుక్కలో, అమ్మాయిని ఇంకో చుక్కలో నిలబెట్టి, "కదలకండి. ఈ సెమిస్టరుకి నా మొదటి స్టూడెంట్ మీరే" అన్నారు. మీరే చెప్పండి, ఎనిమిదో తరగతి వాడికి అంతకంటే పెద్ద పట్టా ఎవరిస్తారు?

ఇంతలో బిల్డింగ్ చూసుకునే అతను వచ్చి గుడ్లప్పగించాడు. "ఏంటీ పొడి? పురుగుల మందా?"

"బియ్యప్పిండి బాబూ. చీమలు తింటాయి" అన్నారు టీచరమ్మగారు.

"అయితే చీమలొస్తాయి కదా!"

"రానీ. వాటికీ రెండు మీటర్లు చెబుతాను."

ఆ ఎండాకాలం మొత్తంలో మా పిల్ల నవ్వడం అదే మొదలు.

యూనివర్సిటీలో పైవాళ్లకి ఆవిడ ఎలా నచ్చజెప్పారో నాకు తెలియదు. వాళ్లూ వచ్చి కొలుచుకుని సరేనన్నారట. ల్యాబ్ నేల మీద నీలం టేపుతో సందు చుక్కలు వెలిశాయి. ఆ సాయంత్రం ఆవిడ వరండాలోంచే కేకేశారు. "ఏమే పిల్లా! చివరి చుక్క నీది. కిటికీ పక్కది. చలేస్తుంది, స్వెట్టర్ వేసుకుని తగలడు!" నేను ఏడుస్తూ కాళ్ల మీద పడబోతే, "దూరం అన్నయ్యగారూ, దూరం!" అంటూ లోపలికి పరిగెత్తారు. ఆ తర్వాత కూడా ఎప్పుడు థాంక్స్ చెప్పబోయినా ఆవిడది అదే మాట. "చుక్క పెట్టడమే నా పని. కలుపుకునేది మీ అమ్మాయే."

అమ్మాయి కలుపుకుంది! చదువు పూర్తయింది. ఆవిడ రిటైరయ్యాక అదే ల్యాబులో అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. నేనూ ఇక్కడివాణ్ణే అయిపోయాను. అదంతా కళ్లారా చూసి, మా ఇంట్లో రెండుసార్లు పాయసం వేయించుకుని తాగి మరీ వెళ్లారు ఆవిడ. నాకు ఆ తృప్తి చాలు.

మంచు పడ్డప్పుడల్లా ఆవిడ బిల్డింగ్ ముందుకు దిగి గరిటె కాడతో చుక్కలు పెట్టేవారు. "పిండి ఆ దేవుడే చల్లి పెట్టాడు అన్నయ్యగారూ, మనం వంగడమే ఆలస్యం" అనేవారు. ముగ్గు పూర్తయ్యేలోపు బస్సుకు పరిగెత్తే పిల్లలు తొక్కేసినా ఒక్కనాడూ విసుక్కోలేదు. "తొక్కనివ్వండి, క్లాసుకేగా వెళ్తున్నారు" అనేవారు.

వచ్చే వారం కొత్త సెమిస్టరు. ఈ పొద్దున అమ్మాయి ల్యాబ్ సర్దడానికి బయల్దేరింది. కిటికీలోంచి చూస్తున్నాను. మెట్లు దిగి, కారు మీద మంచు దులిపే బ్రష్ తిరగేసి పట్టుకుని, వంగి చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. ఒక వరుస. దాని సందుల్లో ఇంకో వరుస. పెట్టడం అయ్యాక, టీచరమ్మగారి కిటికీ కింద చివరి చుక్కలో రెండు కాళ్లూ పెట్టి నిలబడింది. మళ్లీ మంచు మొదలైంది. చుక్కలన్నీ ఒక్కొక్కటే పూడిపోతున్నాయి, అమ్మాయి నిలబడ్డది తప్ప.