కాగితం మీద వచ్చిన అసలు తేదీలు

దయ్యాల మాట ఎవరెత్తినా ఎగతాళి చేసేవాణ్ణి నేను. ఇప్పుడు కూడా దయ్యమని అనను. ఆ పొద్దు జరిగింది మాత్రం నాకు అంతు చిక్కలేదు.

మాది పెనుకొండ. హిందూపురంలో పట్టుచీరల డిజైన్లు అమ్మే ఆఫీసులో కంప్యూటర్ పని. డిజైన్లన్నీ మా ఆఫీసువాళ్లమే పేజీలు పెట్టుకునే వికీ సైటులో ఉంటాయి, ఒక్కోదానికి ఒక పేజీ. అందులో నూటికి పైగా ధర్మవరం ఓబులేసన్న గీసి పెట్టినవే. నా పక్క సీటే ఆయనది. మగ్గం మీద పెరిగిన మనిషి, గ్రాఫ్ కాగితం లేకుండానే అంచు గీసేవాడు.

గుండెపోటుతో పోయినాడు. ఆయన భార్య నాగమ్మక్క ఆ అంచులే ఇంటి మగ్గం మీద నేస్తాంటే, డిజైన్లు మావి, కేసు వేస్తా అన్నాడు మా సారు. ఓబులేసన్న చేరకముందే అవి మా దగ్గరున్నట్టు చూపించాల. అందుకని ఆ పేజీలు పుట్టిన తేదీలన్నీ ఒక్కసారే వెనక్కి జరపమన్నాడు, కుర్చీ జరపమన్నంత తేలిగ్గా.

జరిపినా. ఏం మనిషినో నేను. చిన్న ప్రోగ్రాం రాసి నడిపిస్తే టీ తాగొచ్చేలోగా అయిపోయింది. ఒక్కో పేజీ తెరిచి సరిచూసుకున్నా. అసలు తేదీల కాపీని సారు దగ్గరుండి తీసేయించినాడు.

మధ్యాహ్నం నాగమ్మక్కను పిలిపించి స్క్రీన్ చూపించినారు. "కాగితం మీద ఇయ్యి సార్, మావాళ్లకు చూపించుకుంటా" అనింది. అప్పటికప్పుడు పట్టిక తయారుచేసి ప్రింట్ కొట్టినా.

కాగితాల మీద వచ్చినవి ఓబులేసన్న నిజంగా పేజీలు పెట్టిన తేదీలు. స్క్రీన్ మీద నేను మార్చినవే ఉండాయి. ఆ పట్టిక అంతకుముందు లేనే లేదు, పాత కాపీ వచ్చిందనుకోడానికి. మళ్లీ ప్రింట్ కొడితే మార్చిన తేదీలే వచ్చినాయి.

ఆమె రెండు కట్టలూ చేతిలో పెట్టుకొని నన్ను అడిగింది. "ఏమప్పా, ఆయన పక్కన కూర్చుని పనిచేసినోడివి. ఈ రెండిట్లో ఏది నిజం?"

సారు నా మొహమే చూస్తాండాడు. "రెండోది అక్కా. మొదటిది మెషీన్ తప్పు" అన్నా.

ఆమె కాగితాలు బల్ల మీద పెట్టి పోయింది. ఆ అంచులు మానేసి ఇప్పుడు కూలికి వేరేవాళ్ల చీరలు నేస్తాందంట. మొదటి కట్టను సారు ఆడనే చించేసినాడు.

ప్రింటర్ బాగుచేసే ఆయన్ను అడిగినా, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పనిచేసే బామ్మర్దిని అడిగినా. అట్ల వచ్చే దారే లేదన్నారు. ఎట్ల వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలీదు.

నేను చెప్పిన అబద్ధంలో మాత్రం ఏ మర్మమూ లేదు. ఉద్యోగం పోతాదని భయపడినా, అంతే.