అమ్మ అడిగిన ఎత్తు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై తొమ్మిదేళ్ళ వయసు, తాడేపల్లిగూడెంలో ఉద్యోగం, ఏలూరులో అద్దె ఇల్లు, వట్లూరు వైపు కొత్తగా కొన్న మూడు సెంట్ల స్థలం. మనిషి సర్వజ్ఞుడు కావడానికి ఇంకేం కావాలో నాకు తోచేది కాదు. ఇల్లు కడతానంటే అమ్మ పెట్టిన షరతు ఒక్కటే. ఆవిడ కొల్లేరు లంకలో పుట్టింది. వరదొచ్చినప్పుడల్లా బియ్యం బస్తాతో సహా అటకెక్కిన బాల్యం. పెళ్ళయ్యాక అద్దె ఇళ్ళలో వాన పడితే మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టడం ఆవిడ పనే. "ఒరేయ్ అబ్బాయ్, పాలరాయీ వద్దు, పైన మేడా వద్దు. నీళ్ళు లోపలికి రాని ఇల్లు కట్టు. నా వరండాలో నేను కాళ్ళు తడవకుండా కూచోవాలి, అంతే" అంది.

ఈ సంగతి నేను రోజూ ఎక్కే ప్యాసింజరు రైల్లో చర్చకు పెట్టాను. (అక్కడ సొంతిల్లు లేనివాళ్ళు కూడా పునాదుల విషయంలో నిపుణులే.) గణపవరంలో చేపల చెరువులున్న ఒకాయన, "రోడ్డు వేసినప్పుడల్లా జానెడు లేస్తుందండీ. మీరు మాత్రం అక్కడే ఉంటారండీ" అన్నారు. మర్నాడే వెళ్ళి ఎదురింటి బేస్‌మెంటు కొలిచాను. మూడడుగులుంది. మనది నాలుగున్నర అని ప్రకటించాను. మేస్త్రి టేపు చుట్టేస్తూ, "ఏవండీ, ఇల్లు కడుతున్నామాండీ, వాటర్ ట్యాంకాండీ?" అని మర్యాదగానే అడిగాడు. తెలియనివాళ్ళతో వాదించడం నాకు అలవాటు లేదు. ఇంటి ముందు జాగా తక్కువ కావడంతో జానెడేసి ఎత్తున ఆరు మెట్లు నిటారుగా లేచాయి. మోకాళ్ళ నొప్పులతో అద్దె ఇంట్లోనే ఉన్న అమ్మ, ఇల్లు ఎలా వస్తోందని అడిగినప్పుడల్లా "నువ్వే చూద్దువుగాని" అని ఊరించాను.

గృహప్రవేశం నాడు ముందుగా ఆవును లోపలికి తీసుకెళ్ళాలి. అది మొదటి మెట్టు దగ్గర ఆగి, పైకి చూసి, తర్వాత నన్ను చూసింది. బెల్లం చూపించాం, బతిమాలాం, వెనక నుంచి తోశాం. చివరికి ముందు కాళ్ళు మొదటి మెట్టు మీద పెట్టి, ఇక కదలనంది. పంతులుగారు వాచీ చూసుకుని, "చాలండీ, ప్రవేశించినట్టే" అన్నారు.

ఆవు వెనకే నిలబడ్డ అమ్మ ఆ మాట వింది. తనూ కుడికాలు మొదటి మెట్టు మీద పెట్టి తీసేసింది. "అయితే నాదీ అయిపోయిందండీ" అని పంతులుగారితో చెప్పి, వెళ్ళి ఎదురింటి అరుగు మీద కూచుంది. నేను పరిగెత్తాను.

"ఏంటమ్మా ఇది? నువ్వడిగినట్టే కట్టాను కదా! చుక్క నీరు రాదు."

"అవున్రా. నీళ్ళూ రావు, నేనూ రాను."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని అనిపించింది. ఇల్లంతా కొలిచినవాణ్ణి, అమ్మ మోకాళ్ళను మర్చిపోయాను. అంతమందిలో సిగ్గుతో చచ్చిపోయాను. మా ఆవిడ లోపల్నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నా ముందు పెట్టింది. అమ్మను బతిమాలి అందులో కూచోబెట్టి, ఒక పక్క నేనూ, ఒక పక్క మేస్త్రీ పట్టుకుని మోశాం. నాలుగో మెట్టు మీద నాకు ఆయాసం వస్తుంటే మేస్త్రి, "ఇంకో అడుగు పెంచాల్సిందండీ" అన్నాడు.

తర్వాత పదకొండేళ్ళు అమ్మ ఆ వరండాలోనే కూచుంది. దిగాలంటే కుర్చీ, కుర్చీకి నేను. వీధంతా నీళ్ళు నిలిచిన ఒక వానలో మాత్రం పైనుంచి తృప్తిగా చూసి, "బాగానే కట్టావులే" అంది. అన్నేళ్ళలో మా వీధికి ఒక్కసారి కూడా రోడ్డు వెయ్యలేదు.

ఆవిడ పోయాక నాలుగుసార్లు వేశారు. నాలుగు మెట్లు రోడ్డు కిందికి పోయాయి. మొన్నటి వానకి ఎదురింట్లోకి నీళ్ళు వెళ్ళాయి, మాకు రాలేదు. రైల్లో ఆయన చెప్పినట్టే, ఆ సర్వజ్ఞుడు అనుకున్నట్టే అయింది. మిగిలినవి రెండే మెట్లు. అమ్మే ఉంటే గోడ పట్టుకుని తనే ఎక్కేసేది. ఇప్పుడు నాకూ మోకాళ్ళ నొప్పులు. ఆ రెండూ ఎక్కి, ఆయాసం తీరేదాకా అమ్మ కుర్చీలో కూచుంటాను. కాళ్ళు మాత్రం తడవడం లేదు.