పిన్ని కథ వినే తీరు

నా చిన్నప్పుడు మేము తణుకులో ఉమ్మడి కుటుంబంగా ఉండేవాళ్లం. మా నాన్న, బాబాయి కలిసి బజారులో పప్పుల కొట్టు నడిపేవారు. బాబాయి కొడుకు, అంటే మా తమ్ముడు, నాకన్నా బాగా చిన్నవాడు. వాడికి పసితనం నుంచీ దగ్గు. ఎంత తిన్నా ఒంటికి పట్టేది కాదు. ముద్దు పెట్టుకుంటే బుగ్గ ఉప్పగా తగిలేది. ఎందరికో చూపించాక మద్రాసులో ఒక డాక్టరు గారు అది సిస్టిక్ ఫైబ్రోసిస్ అని తేల్చారు. పుట్టుకతో వచ్చే జబ్బట. ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా పేరుకుపోతుందట, పూర్తిగా నయం కాదట.

ఆ పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరిగేది కాదు, వాడి తల్లి, మా పిన్నికి తప్ప. ఆ డాక్టరు గారు చెప్పిన ఒక మాటను ఆవిడ గట్టిగా పట్టుకుంది. ఈ బాబుకి దగ్గు రోజూ ఉంటుందమ్మా, మామూలు రోజున ఎలా ఉంటాడో మీకు బాగా తెలిస్తే జబ్బు ముదిరే రోజు మీకే తెలుస్తుంది, అన్నారట ఆయన.

రోజూ సాయంత్రం పిన్ని వాణ్ణి ఒళ్లో బోర్లా వేసుకుని, అరచెయ్యి గుంటచేసి వీపంతా తట్టి, కఫం బయటికి తెప్పించేది. ఆ తర్వాత అరుగు మీద కూర్చోబెట్టి "ఏదీ, కథ చెప్పు" అనేది. డ్రైవరు లేకుండా ఊరూరూ తిరిగే చెరుకు లారీ కథ ఒకటి వాడు సొంతంగా అల్లాడు. రోజూ అదే కథ. ఆవిడ రోజూ కొత్తగా విన్నట్టే వినేది. కొడుకంటే ఎంత మురిపెమో అనుకునేదాన్ని.

ఒకసారి తునిలో నాయనమ్మ పుట్టింటివాళ్ల పెళ్లికి ఇంటిల్లిపాదీ బయలుదేరుతున్నాం. పెట్టెలు సర్దేశాం. ముందురోజు సాయంత్రం కథలో వాడి లారీ కాలవ గట్టెక్కింది. ఎప్పుడూ ఒక్క ఊపులో చెప్పేసే ఆ చోట వాడు రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. పిన్ని కథ మధ్యలో ఆపలేదు. అంతా విని, "మధ్యాహ్నం వీడు అన్నం తిన్నాడా అమ్మా?" అని నన్నడిగింది. పెరుగన్నం సగం వదిలేశాడని చెప్పాను. డాబా ఎక్కుతూ సగం మెట్ల మీద కూర్చుండిపోయాడనీ చెప్పాను. ఆ పొద్దున కఫం చిక్కగా, పచ్చగా పడటం ఆవిడే చూసింది. నిక్కరు నడుము దగ్గర వదులైంది.

"మేం పెళ్లికి రామండి. రేపు వీణ్ణి రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్తాను" అంది పిన్ని.

నాయనమ్మకి కోపమొచ్చింది. "ఒంట్లో జ్వరమన్నా లేదు. ఇందాకేగా గోళీలాడాడు! నలుగురూ ఏమనుకుంటారే అమ్మాయ్?"

"జ్వరం వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోద్దండి అత్తయ్యా" అంది పిన్ని. గొంతు పెంచలేదు, కానీ మాట మార్చుకోలేదు కూడా. బాబాయి ఒక్క క్షణం ఆలోచించి తన చొక్కాలు పెట్టెలోంచి తీసేశాడు. సంచి పట్టుకోవడానికి నేనూ వాళ్లతో బస్సెక్కాను. పెళ్లి లడ్డూలు పోయాయని తమ్ముడు దారంతా మూతి ముడుచుకున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు గారు వాడి వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. ఎక్స్‌రే తీయించారు. "ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ మొదలైందమ్మా. మంచి టైములో తెచ్చారు. ఎలా కనిపెట్టారు?" అని అడిగారు.

"వాడు కథ చెప్పే తీరు మారిందండి" అంది పిన్ని.

ఆయన నవ్వలేదు. తలూపి, అడ్మిషన్ రాశారు. సెలైన్ గొట్టంలోంచి మందులు ఎక్కించారు, పూటపూటా వీపు తట్టించారు. పెళ్లి అయ్యాక నాయనమ్మ తుని నుంచి నేరుగా ఆసుపత్రికే వచ్చింది. మనవడి మంచం పక్కన కూర్చుని, కోడలి చెయ్యి పట్టుకుని, "నువ్వు కాసేపు నడుం వాల్చు. వీడి దగ్గర ఏమేం చూడాలో నాకూ చెప్పు" అంది. పిన్ని కళ్లలో నీళ్లు తిరగడం నేను చూసింది అప్పుడే. అంతకుముందు భయపడినట్టే కనిపించలేదు ఆవిడ. వాడు అన్నం అడిగి తినడం మొదలుపెట్టాక అందరం ఇంటికొచ్చాం.

ఆ జబ్బు వాణ్ణి వదల్లేదు. మధ్యమధ్య ఆసుపత్రులు తప్పలేదు. అయినా వాడు పెద్దవాడై, ఇప్పుడు భీమవరంలో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. మొన్నీమధ్య ఫోన్ చేసి, "అక్కా, క్లాసు అయ్యేసరికి ఊరికే అలిసిపోతున్నాను. కఫంలో కొంచెం ఎర్రజీర కనబడింది. డాక్టరు దగ్గరికి బయలుదేరాను, కంగారు పడకు" అన్నాడు. తల్లి కనిపెట్టినవన్నీ ఇప్పుడు వాడే తనలో కనిపెట్టుకుంటాడు.

పిన్నిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. వాడు బాగున్న రోజుల్ని అంత శ్రద్ధగా చూసింది కాబట్టే, బాగాలేని రోజు ఆవిడ కన్నుగప్పలేకపోయింది. నాకూ ఆ అలవాటే మిగిలింది. ఇంట్లో అందరూ కులాసాగా ఉన్నప్పుడే పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుంటాను, తీరిగ్గా వాళ్ల కబుర్లు వింటాను.